అప్‌డేట్: విడాకుల తర్వాత జాయింట్ లోన్ కోసం రికవరీ కాల్స్

విడాకులయ్యాక కూడా జాయింట్ లోన్ బాకీ కోసం రికవరీ వాళ్లు నాకే ఫోన్లు చేస్తున్నారని అడిగాను కదా, ఆ సంగతే ఇది. ఆ అప్పు నా మాజీ భర్తే కట్టాలని విడాకుల తీర్పులో ఉంది కాబట్టి నాకేం సంబంధం లేదనుకున్నాను. పొరపాటే. ఆ తీర్పు మా ఇద్దరి మధ్య మాటేనట. లోన్ కాగితాల మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి, అప్పిచ్చినవాళ్లు మొత్తం బాకీ ఎవరినైనా అడగొచ్చట.

మీరు చెప్పినట్టే ఫోన్లో ఏదీ ఒప్పుకోకుండా, లెక్కంతా రాతపూర్వకంగా పంపమన్నాను. చూస్తే, ఆయన ఒక్కరి పేరు మీదున్న క్రెడిట్ కార్డు బాకీ కూడా అందులో కలిపేశారు! అభ్యంతరం రాసి పంపాక తీసేశారు. మిగిలింది నేనే కట్టి, బాకీ లేదని లెటర్ తీసుకున్నాను. ఆ రసీదులతో ఆయన దగ్గర వసూలు చేయడానికి లాయర్ పిటిషన్ సిద్ధం చేస్తున్నారు. తెలియని నంబర్ మోగితే మాత్రం ఇంకా టెన్షనే.