ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టి, రైతుకు కాయల డబ్బు ఆపితే దాన్ని సీఎస్ఆర్ అనొచ్చా?

తోతాపురి_కుర్రోడు:

అందరికీ నమస్తే. తిరుపతిలో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను, మాది పాకాల పక్కన ఒక పల్లె. ఈ సెమిస్టర్లో మాకు వారానికో బిజినెస్ వార్త కత్తిరించి డైరీలో అతికించి, దాని కింద కంపెనీల సామాజిక బాధ్యత, అదే సీఎస్ఆర్, గురించి ఒక పేజీ రాయాలని పెట్టారు. మొదటి మూడు వారాలు అందరిలాగే రాశాను, ఫలానా కంపెనీ ఇన్ని కోట్లు ఖర్చు పెట్టింది, ఇన్ని మొక్కలు నాటింది అని. పదికి ఎనిమిది, తొమ్మిది పడ్డాయి. నాలుగో వారం మా తోతాపురి మామిడి గురించి రాశాను. పదికి నాలుగు వేసి, పక్కన ఎర్ర పెన్నుతో "సొంత విషయాలు కలపవద్దు" అని రాశారు.

నేను రాసింది ఇది. 2025 సీజన్లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని నిర్ణయించారు. మా నాయన టోకెన్ తీసుకుని ట్రాక్టర్‌తో ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడుకున్నాడు. కాయ మగ్గిపోయి కింద పొర చెమ్మ పట్టింది, దానికి కాటా దగ్గర తరుగు తీశారు. అన్ని ట్రిప్పులూ కలిపి 11 టన్నులకు స్లిప్పులు వచ్చాయి. ప్రభుత్వం ఇచ్చేది అకౌంట్లో పడింది. ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 88 వేలలో 30 వేలే వచ్చింది, సంక్రాంతి దాటినా మిగతాది లేదు. ఫోన్ చేస్తే "గుజ్జు ఇంకా కదల్లేదు పెద్దాయనా" అంటారు.

అదే ఫ్యాక్టరీ వాళ్లు రెండేళ్ల కింద మా ఊళ్లో ఆర్వో నీళ్ల ప్లాంటు కట్టించారు. రిబ్బన్ కటింగ్, బిస్కెట్లు, పేపర్లో ఫోటో, అన్నీ అయినాయి. మేము ఆ నీళ్లే తాగుతున్నాం, అబద్ధం ఎందుకు చెప్పాలి.

క్లాసులో క్యారల్ గారి పిరమిడ్ చెప్పారు కదా, అడుగున లాభం, దాని పైన చట్టం, ఆ పైన నీతి, కొసన దానధర్మం. ఈ ఫ్యాక్టరీ కొసకు రంగు వేసి కింది మెట్లు వదిలేసిందని రాశాను. అది సొంత విషయం ఎట్లా అవుతుంది? అసలు ఆ ప్లాంటు సీఎస్ఆర్ కింద వస్తుందా, రాదా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, వచ్చే వారం మళ్లీ ఇదే అంశం రాయాలని ఉంది.

ఆర్టికల్_గుమస్తా:

తమ్ముడూ, ముందు ఆ ఫ్యాక్టరీ కంపెనీనా, భాగస్వామ్య సంస్థనా చూడు. సీఎస్ఆర్ వచ్చేది 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇది కంపెనీలకే, పార్ట్‌నర్‌షిప్ సంస్థలకు లేదు. కంపెనీ అయినా ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, ఈ మూడింటిలో ఏదో ఒకటి అంతో, అంతకన్నా ఎక్కువో ఉండాలి. ఉంటే గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సగటు లాభం 6 కోట్లు అనుకో, ఏడాదికి 12 లక్షలు. మన వైపు పల్ప్ యూనిట్లలో ఈ గీత దాటనివి చాలానే ఉంటాయి. అట్లాంటి వాళ్లు ప్లాంటు కట్టిస్తే చట్టం లెక్కలో అది సీఎస్ఆర్ కానే కాదు, వాళ్ల ఇష్టంతో చేసిన దానం, అంతే.

ఇంకో సంగతి, ఇది నీ డైరీకి బాగా పనికొస్తుంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని సీఎస్ఆర్‌గా చూపకూడదని రూల్సులోనే ఉంది. సొంత ఉద్యోగులకు మాత్రమే చేసింది లెక్కలోకి రాదు, పార్టీలకు ఇచ్చిన చందా రాదు. అంటే రైతుకు డబ్బు టైముకు ఇచ్చినా, ఇవ్వకపోయినా 135కు సంబంధం లేదు. లాభం వచ్చాక అందులో నూటికి రెండు రూపాయలు ఏం చేశావు అని ఆ సెక్షన్ అడుగుతుంది, ఆ లాభం ఎట్లా వచ్చిందని అడగదు. మా ఆఫీసులో సీఎస్ఆర్ ఫైళ్లు నేనే చూస్తాను, బిల్లు, ఫోటో, సర్టిఫికెట్ ఉంటే ఫైలు మూసేస్తాం.

2021లో కొంచెం బిగించారులే. ఖర్చు కాని డబ్బు ఊరికే ఉంచుకోవడానికి లేదు. నడుస్తున్న ప్రాజెక్టుదైతే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి, కాకపోతే ఆరు నెలల్లో ప్రభుత్వం చెప్పిన నిధికి కట్టాలి. లేదంటే జరిమానా.

పలమనేరు_టీచరమ్మ:

బాబూ, చట్టం సంగతి వాళ్లు చెప్పారు, నేను బడి సంగతి చెప్తాను. మా హైస్కూలుకు ఒక కంపెనీ వాళ్లు 40 డ్యూయల్ డెస్కులు ఇచ్చారు. మంచివే, పిల్లలు నేల మీద కూర్చునే బాధ తప్పింది. ప్రతి డెస్కు వీపు మీదా వాళ్ల పేరు నీలం రంగుతో, ఎంత పెద్దగా అంటే ఏ మూల నుంచి ఫోటో తీసినా పేరు పడాల్సిందే. సరే, పేరు వేసుకోనీ. మరుసటి ఏడాది మరుగుదొడ్ల శుభ్రతకు ఒక మనిషి జీతం ఇవ్వగలరా అని ఉత్తరం రాశాను. "రికరింగ్ ఖర్చు మా పాలసీలో లేదు మేడమ్, కావాలంటే ఇంకో రెండు గదులకు టైల్స్ వేయిస్తాం" అన్నారు. జీతానికి శిలాఫలకం వేయలేరు కదా!

మీ ఊరి ప్లాంటు కూడా చూసుకో. ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చేది ఎవరు, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంది? మా పక్క ఊళ్లో ఇట్లాగే కట్టించిన ప్లాంటుకు తాళం వేసి ఉంది, ఆ మెట్ల మీద ఇప్పుడు చింతపండు ఆరబోస్తున్నారు.

తడ_షిఫ్టు_బి:

నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో ఉన్నాను, పేరు అడగొద్దు. టీచరమ్మ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కంపెనీ ఉన్న చోటుకు, దాని చుట్టుపక్కలకు ముందు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఆ చుట్టుపక్కల నుంచి ఎవరి లెటర్‌హెడ్ మీద ఉత్తరం వస్తుందో దాని బరువును బట్టి ఉంటుంది. మార్చి నెల మా డిపార్ట్‌మెంట్‌లో టెన్షన్ చూడాలి, 31 లోపల ఖర్చు చూపించాలి, ఏ బడికి ఏం కావాలని ఫోన్ల మీద ఫోన్లు. కావాల్సింది ఏమిటని అడిగే టైమే ఉండదు, స్టాకులో ఉన్నది పంపిస్తాం. ఒకసారి కంప్యూటర్లు పంపిన బడికి సరైన కరెంటు కనెక్షన్ లేదు.

కానీ తమ్ముడూ, నీ పేజీలో ఒకటి కలుపు. లిస్టెడ్, అంటే షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత రిపోర్టు ఇవ్వాలని ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పెట్టింది, 2022-23 నుంచి అది తప్పనిసరి. దాంట్లో ముడిసరుకు ఎంత శాతం చిన్న ఉత్పత్తిదారుల దగ్గర నేరుగా కొన్నారో చెప్పాలి. సరఫరాదారులకు సగటున ఎన్ని రోజులకు డబ్బు కడుతున్నారో కూడా ఇప్పుడు ఆ ఫార్మాట్లో వచ్చింది. మీ పల్ప్ ఫ్యాక్టరీ అందులో ఉండదు. ఆ గుజ్జు కొని జ్యూసు చేసి అమ్మే పెద్ద కంపెనీ ఆ వెయ్యిలో ఒకటైతే మాత్రం ఉంటుంది. వాళ్ల రిపోర్టు వాళ్ల వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. ప్లాంటు బోర్డు కన్నా ఆ ఒక్క లైను చదివితే ఎక్కువ తెలుస్తుంది.

గుజ్జు_లెక్కలు:

అందరూ ఫ్యాక్టరీనే తిడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా వినండి. నేను బంగారుపాళ్యం వైపు ఒక పల్ప్ యూనిట్లో అకౌంట్స్ రాస్తాను, ఈ అబ్బాయి చెప్పిన ఫ్యాక్టరీ కాదు. ముందటేడు తీసిన గుజ్జే డ్రమ్ముల్లో గోడౌన్ నిండా ఉంటే కొత్త కాయ దించుకోవాల్సి వచ్చింది. ఎగుమతి ఆర్డర్లు వాయిదా పడ్డాయి. సీజన్ అంతా కలిపి రెండు నెలలు, ఆ రెండు నెలల్లో కొన్న కాయకు డబ్బు పన్నెండు నెలల్లో తిరిగి వస్తుంది, ఈ లోపల బ్యాంకు వడ్డీ ఆగదు. మాకు కొనేవాడు ఆలస్యంగా ఇస్తాడు, మేము రైతుకు ఆలస్యంగా ఇస్తాం. తప్పు కాదని నేను అనను.

ఆర్టికల్_గుమస్తా:

@గుజ్జు_లెక్కలు అన్నా, మీ బాధ నిజమే, కానీ బ్యాంకుకు వడ్డీ కడతారు, రైతుకు కట్టరు. తేడా అక్కడే ఉంది. చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్లో నమోదైన సూక్ష్మ, చిన్న యూనిట్లకైతే 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది, దాటితే చక్రవడ్డీ, కట్టేదాకా ఆ ఖర్చును ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో తగ్గించుకోవడానికీ లేదు. మీకు డ్రమ్ములు, అట్టపెట్టెలు తయారు చేసి పంపే చిన్న యూనిట్ ఆ చట్టం చూపించి అడగగలదు. తోటలో కాయ కోసి తెచ్చినవాడికి ఆ అండ లేదు. ఫ్యాక్టరీ లోపలికి వచ్చిన వస్తువుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది కాయే, దానికే గడువు లేదు.

కొర్లగుంట_అక్క:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నాకు చట్టాలు తెలియవు, ఒక అనుభవం చెప్తాను. 2008లో మా ఆయనకు అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే 108కి ఫోన్ చేశాము. అప్పట్లో మాకు అది కొత్త, వస్తుందో రాదో అని ఆటో కోసం కూడా మా తమ్ముణ్ణి పరుగెత్తించాను. వాడు వీధి మలుపు తిరిగే లోపల బండి వచ్చింది, రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు, మనిషి దక్కాడు. ఇప్పటికీ పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి వస్తాడు.

కొన్ని నెలలకే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారి ఉత్తరం బయటపడింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే రాశారు. 2005లో 108 మొదలుపెట్టింది రాజు గారి కుటుంబమేనని అప్పుడే నాకు తెలిసింది. ఆ ఉత్తరానికి ముందటేడే, 2008లో, సత్యం కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్, అంటే కంపెనీని నడిపే తీరు, బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ పేరు వస్తే మా ఆయన ఏమీ మాట్లాడడు. షేర్లు కొని మునిగిన మా మరిది మాత్రం ఆపకుండా మాట్లాడతాడు. పండగకు ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు.

అందుకే బాబూ, ప్లాంటు మంచిదా చెడ్డదా అని తేల్చడం కోసం బుర్ర పాడు చేసుకోకు. నీళ్ల లెక్క నీళ్లది, కాయల లెక్క కాయలది, రెండు కాగితాల మీద రాయి.

తడ_షిఫ్టు_బి:

అక్కా, చిన్న సవరణ. 108 నడిపే ఖర్చులో ఎక్కువ భాగం అప్పటికే రాష్ట్ర ప్రభుత్వం భరిస్తోంది. అందుకే సత్యం పోయినా బండ్లు ఆగలేదు. పెట్టినవాడి జేబు మీదే ఆధారపడి ఉంటే 2009లో ఇంకెవరికీ ఆ బండి వచ్చేది కాదు. టీచరమ్మ గారు చెప్పిన రికరింగ్ ఖర్చు సంగతే ఇది.

తోతాపురి_కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్. ఆదివారం ఊరికి పోయి బోర్డు సరిగ్గా చూశాను. ఇన్నాళ్లూ రోజూ చూసినా చదవలేదు. దాని మీద కంపెనీ అనే మాట లేదు, సీఎస్ఆర్ అనే మాటే లేదు. యజమాని తండ్రి గారి జ్ఞాపకార్థం అని ఉంది, కింద ఫ్యాక్టరీ పేరు ఉంది, చివర "అండ్ సన్స్". అంటే గుమస్తా అన్న చెప్పినట్టు అది కంపెనీయే కాకపోవచ్చు. నాకు పోయిన ఆరు మార్కుల్లో రెండు న్యాయంగానే పోయినాయి అనుకుంటా, సీఎస్ఆర్ కానిదాన్ని సీఎస్ఆర్ అని తిట్టాను. మిగతా నాలుగు మాత్రం సార్‌ను అడుగుతాను.

అక్క చెప్పినట్టు రెండు పేజీలు విడివిడిగా రాస్తున్నాను. గుజ్జు కొనే రెండు లిస్టెడ్ కంపెనీల బీఆర్ఎస్ఆర్ దించుకున్నాను, ఒక్కోటి తెరిస్తే పేజీలే పేజీలు, ఆ రోజుల లెక్క ఎక్కడుంటుందో షిఫ్టు అన్న చెప్తే పుణ్యం ఉంటుంది.

నేను బోర్డు ఫోటో తీస్తుంటే మా నాయన క్యాన్ పట్టుకుని వచ్చాడు. ఎందుకురా ఫోటో అన్నాడు. కాలేజీకి అన్నాను. "స్లిప్పులు కూడా ఫోటో తీసి పెట్టుకో, అక్షరాలు చెరిగిపోతున్నాయి" అన్నాడు. ఇంటికొచ్చి తీశాను. పదకొండు టన్నులకు ఏడు స్లిప్పులు ఉండాలి, నాలుగే దొరికినాయి. మిగతా మూడు మా అమ్మ పాత డైరీలో ఎక్కడో పెట్టానంటుంది, వెతుకుతున్నాం.