మా బాబు వంటింట్లోకి వచ్చాడు, మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

నల్లగొండ అమ్మ:

మాది నల్లగొండ. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. ఆయన డీసీఎం వ్యాన్ నడుపుతారు, వారంలో నాలుగైదు రోజులు బయటే. మా బాబుకు 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. తొమ్మిది, పది హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదివాడు. ఈ జూన్‌లో ఇంటికి తెచ్చుకున్నాం. ఇక కళ్ల ముందే ఉంటాడని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

కానీ ఇంట్లో ఉన్నా చుట్టానికి వచ్చినవాడిలాగే ఉంటున్నాడు. కాలేజీ నుంచి రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. తిన్నావా, చదివావా, ఫోన్ పక్కన పెట్టావా అని నేను అడగడం, వాడు "ఊఁ" అనడం. అంతే మా మాటలు.

మొన్న ఆదివారం బతుకమ్మ ఆర్డర్లు కుట్టేసరికి రాత్రి పదిన్నర అయింది. అన్నం తినబుద్ధి కాక తపాలచెక్క పెట్టాను, అదే, బియ్యప్పిండి ముద్దను గంజు (గిన్నె) లోపల వత్తి కాల్చే రొట్టె. ఎప్పుడూ రెండు గంజుల్లో పెడతాను, ఒకటి కాలుతుంటే ఇంకోటి చల్లారుతుంది. ఆ రోజు రెండో దాంట్లో పాలు ఉన్నాయి. వాసనకు వాడే వచ్చి నిలబడ్డాడు. "హాస్టల్ల దీని పేరు చెప్తే ఎవ్వలకూ తెల్వదమ్మా. వరంగల్ పిల్లలు సర్వపిండి అంటరు" అన్నాడు. నేను పిండి ముద్ద చేతికిచ్చాను. గంజు లోపల వత్తాడు, వేలితో బొక్కలు పెట్టాడు, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేశాడు. మొదటిది అయ్యాక గంజు బోర్లించి నీళ్లు పోసి చల్లారేదాకా ఆగాం.

అప్పుడు చెప్పాడు. హాస్టల్‌లో చేరిన కొత్తలో రోజూ రాత్రి మేడ మీదికి వెళ్లి ఏడ్చేవాడట. నాకు గుండె ఆగినంత పనైంది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అనేశాను. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. రెండో చెక్క నేనొక్కదాన్నే వత్తాను.

తర్వాత రెండు రాత్రులు వంటింట్లోకి వచ్చాడు. ఫ్రిజ్ తీసి నీళ్లు తాగి, ఒక నిమిషం నిలబడి పోయాడు. వాడికి ఏదో చెప్పాలని ఉందనిపిస్తోంది. ఈసారి చెడగొట్టుకోవద్దు. పిల్లలతో ఇట్లాంటివి దాటినవాళ్లు చెప్పండి.

మక్తల్ పెద్దమ్మ:

చెల్లె, నువ్వు రాసిన దాంట్లనే ఉంది. ఆ రోజు ఒక్కటే గంజు ఉంది కాబట్టి ఆగాల్సి వచ్చింది, ఆగినప్పుడే పిల్లగాడు నోరు తెరిచాడు. ఇకమీద రెండో గంజు పెట్టకు.

నేను ముగ్గురిని పెంచి, ఇప్పుడు మనవడిని చూసుకుంటున్న. మా దిక్కు రోజూ జొన్న రొట్టెనే. జొన్నపిండికి గోధుమపిండి లెక్క సాగే గుణం ఉండదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి పట్టినంత వేడిలోనే అరచేతి మడమతో గట్టిగా పిసికితేనే అతుక్కుంటది. చల్లారిందంటే అంచులు పగులుతయి. తట్టేటప్పుడు కన్ను రొట్టె మీదనే ఉండాలె, మనిషి మొకం చూసే సందు ఉండదు. మనవడు అట్ల తట్టుకుంటనే, తనతో ఎవ్వరూ ఆడుకుంటలేరని ఆర్నెల్ల సంగతి చెప్పిండు. ఎదురుగా కూసొబెట్టి అడిగితే ఒక్క ముక్క చెప్పలే.

వాడు మాట్లాడేటప్పుడు నీ చెయ్యి ఆపకు. నువ్వు చెయ్యి ఆపి వాడి దిక్కు తిరిగినవంటే వాడు బెదురుతడు. "అట్లనా", "తర్వాత?" అను, చాలు. వాడు చేసింది మందమైనా మాడినా అదే నీ పళ్లెంల పెట్టుకో. వాడు చూస్తుండంగ మళ్లీ సరిచేయకు. మా పెద్దోడి రొట్టెను నేను ఒకసారి తీసి మళ్లీ తట్టిన, ఆ తర్వాత ఏడాది పొయ్యి దగ్గరికి రాలే.

కల్వకుర్తి నాన్న:

అమ్మా, నాకు పదో తరగతి చదివే బిడ్డ ఉంది. నేను చేసిన తప్పు చెప్తాను. చేను నుంచి పల్లీలు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ఒలిచేవాళ్లం. తను స్నేహితుల గురించి, టీచర్ల గురించి తెగ చెప్పేది. ఒక రోజు మంచి మూడ్‌లో ఉంది కదా అని మ్యాథ్స్ మార్కులు ఎత్తాను. అంతే, పల్లీల చాట పక్కన పెట్టి లేచింది. నెల రోజులు పట్టింది మళ్లీ రావడానికి. ఇప్పుడు వంటింట్లో మార్కులు, ఫోన్, పక్కింటి పిల్లలతో పోలిక, ఈ మూడూ ఎత్తను. చదువు మాట హాల్లోనే.

ఇంకోటి, "కొంచెం సాయం చెయ్" అని పిలవకండి, అది మన పని వాళ్ల మీద వేసినట్టుంటుంది. ఒక పని పూర్తిగా వాళ్లకే ఇవ్వండి. మా ఇంట్లో శనివారం పచ్చిపులుసు తనదే. చింతపండు ఎంత నానెయ్యాలి, ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరగాలి, బెల్లం వెయ్యాలా వద్దా, అన్నీ తన ఇష్టం. ఒకసారి పులుపు మరీ ఎక్కువైంది, అయినా అదే పోసుకుని తిన్నాం.

సూర్యాపేట డిగ్రీ అమ్మాయి:

ఆంటీ, నేను కూడా ఇంటర్ రెండేళ్లు హాస్టల్‌లోనే ఉన్నాను. "ఎందుకు చెప్పలేదు" అని మీరు బాధతో అన్నారు, నాకు అర్థమవుతోంది. మా చెవికి మాత్రం అది "తప్పు నీదే" అన్నట్టు వినిపిస్తుంది. ఫీజు కట్టడానికి ఇంట్లో ఎంత కష్టపడ్డారో మాకు తెలుసు. అందుకే చెప్పం.

అదే మాటను పెద్ద విషయం చేసి కూర్చోబెట్టి మాట్లాడకండి. పని మధ్యలో ఒక్కసారి, "ఆ రోజు నువ్వు చెప్పింది విన్నా. కోపంతో అడగలే" అనండి. జవాబు కోసం చూడకండి.

రాత్రిపూటే రావడం మంచిదే. ఈ వయసులో నిద్ర పట్టే టైమే వెనక్కి జరుగుతుందట, మాకు పదిన్నరకే ఆకలి, మాటలు రెండూ. కాకపోతే ఒకటి గమనించండి. తిండి తగ్గిపోయినా, నిద్ర లేకపోయినా, బతకడం ఎందుకు అన్నట్టు మాట్లాడినా తపాలచెక్కతో ఆగకండి. డాక్టర్‌కు చూపించండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది. సెకండియర్‌లో నేనే చేశాను. తెలుగులోనే మాట్లాడారు.

నల్లగొండ అమ్మ:

అందరికీ పేరుపేరునా దండాలు. తిండి బాగానే తింటున్నాడు, నిద్ర కూడా పోతున్నాడు. అయినా నంబర్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

నిన్న రాత్రి మళ్లీ పెట్టాను. శనగపప్పు సాయంత్రమే నానేశాను. పల్లీలు దంచమని రోలు ముందు పెడితే ఏమీ అనకుండా దంచాడు. "ఇంకో గంజు ఏదమ్మా?" అన్నాడు. "ఒకటి చాల్తది" అన్నాను. మొదటి చెక్క తీసి, గంజు మీద నీళ్లు పోసి ఇద్దరం నిలబడ్డాం. సూర్యాపేట పాప చెప్పిన మాట అన్నాను, గొంతు వణికింది గాని అన్నాను. వాడు తల ఎత్తలేదు. గంజు అడుగు ముట్టుకుని, ఇంకా వేడిగానే ఉంది అన్నాడు. కాసేపటికి, హాస్టల్‌లో తన పక్క మంచం పిల్లాడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లది దేవరకొండ అట, ఇద్దరూ కలిసే మేడ ఎక్కేవాళ్లట. నేను వెల్లుల్లి ఒలుస్తూనే ఉన్నాను.

మూడో చెక్క వత్తేటప్పుడు అన్నాడు, "రేపు పిండి నేనే కలుపుతా. నువ్వు ఉప్పు ఎక్కువేస్తున్నవ్."