మామకు ‘పామ్’ ఎందుకు ఎక్కించలేదు?

మాది కర్నూలు జిల్లా, ఆలూరు పక్కన పల్లె. మొన్న మా మామ మిరప చేనుకు క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు కొడతా ఉంటే పంపు కారి వీపంతా తడిసింది. ఇంటికొచ్చేసరికి చొంగ, చెమట, కండ్లు మసక. ఆస్పత్రిలో అట్రోపిన్ అనే విరుగుడు మందు ఒక్కటే ఎక్కిస్తాండారు. పదేండ్ల కింద మా చిన్నాయనకు ‘పామ్’ కూడా ఇచ్చినారే! దుడ్లు కట్టలేమనుకున్నారా?

అనంతపురం, ఎమర్జెన్సీ నర్సు:
దుడ్ల సంగతి కాదు తమ్ముడూ. పామ్ అంటే ప్రాలిడాక్సిమ్, ఇట్లాంటి పురుగుమందు విషానికే ఇచ్చే ఇంకో విరుగుడు. 2006లో మహారాష్ట్రలోని బారామతి డాక్టర్లు పెద్ద డోసుతో మేలు జరిగిందన్నారు. 2009లో శ్రీలంకలో 235 మంది మీద పరీక్షిస్తే ప్రాణాలు నిలబెట్టినట్టు తేలలేదు. అప్పటినుంచి డాక్టర్లలోనే రెండు మాటలు. అట్రోపిన్ దగ్గర మాత్రం పేచీ లేదు. మొదట్లో ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తా పోతారు, ఛాతీలో గురగుర తగ్గేదాకా. కంటిపాప పెద్దదైందని మురిసిపోతే చాలదు, ఊపిరితిత్తులు ఆరాల.
తడిసిన చొక్కా తీసి, ఒళ్లు సబ్బుతో కడిగినారా? మందు డబ్బా చూపించినారా?

అడిగినాయన:
చొక్కా దావలోనే తీసేసినాం అక్కా. కడిగింది ఆస్పత్రిలోనే. డబ్బా ఇచ్చినా. మా అత్త ఉప్పునీళ్లు తాపబోతే నేనే వద్దన్నా.

అనంతపురం, ఎమర్జెన్సీ నర్సు:
మంచి పని చేసినావు, కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తేరుకున్నాడని మాత్రం తొందరపడి ఇంటికి పిల్చుకోని పోవద్దు. నాలుగు రోజుల్లోపల మెడ, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి సడలొచ్చు. పూటకోసారి తలగడ మీంచి తల ఎత్తమను. ఎత్తలేకపోతే పరిగెత్తి సిస్టర్‌ను పిలు.