కొనిపోబడెను, వెళ్లొచ్చాను

అందరికీ వందనాలు. పోయిన నెల మా ఊళ్లో ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు "నేను పరలోకం వెళ్లొచ్చాను" అని సాక్ష్యం చెప్పారు. అక్కడి వీధులు, ఇళ్లు, ఎవరెవరిని కలిశారు, ఏం మాట్లాడుకున్నారు, అంతా గంటన్నర. చివర్లో ఆధారంగా అపొస్తలుడు పౌలు రాసిన 2 కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయం చదివారు. ఇంటికొచ్చి ఆ వచనం మళ్లీ చదివితే సందేహం వచ్చింది. అది వ్యాకరణ సందేహం కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

"క్రీస్తునందున్న యొక మనుష్యుని నేనెరుగుదును. అతడు పదునాలుగు సంవత్సరముల క్రిందట మూడవ ఆకాశమునకు కొనిపోబడెను. అతడు శరీరముతో కొనిపోబడెనో నేనెరుగను, శరీరములేక కొనిపోబడెనో నేనెరుగను, అది దేవునికే తెలియును."

బళ్లో మా తెలుగు మాస్టారు "బడు" కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "అన్నం నాచేత తినబడింది అని ఏ తెలుగువాడైనా అంటాడట్రా?" అని. మన బైబిల్లో ఈ "బడు"లకు లెక్కలేదు, నేనూ నవ్వుకున్నవాణ్ణే. కానీ ఇక్కడ దాన్ని తీసేసి "మూడవ ఆకాశానికి వెళ్లాడు" అని రాసి చూడండి, అర్థమే మారిపోతుంది. ఈ వాక్యంలో ఆ మనిషి తనంతట తాను చేసిన పని ఒక్కటీ లేదు. పైగా అది తన సంగతేనని వెనకా ముందూ చదివితే తెలుస్తుంది కానీ, పౌలు "నేను" అనడు, "ఒక మనుష్యుడు" అంటాడు. "నేను" వచ్చేది "నేనెరుగుదును", "నేనెరుగను" అన్నచోట్లే, అందులోనూ "నేనెరుగను" రెండుసార్లు. మా ప్రసంగీకుడి క్రియలేమో వెళ్లాను, చూశాను, అడిగాను, తిరిగొచ్చాను.

నా ప్రశ్న: ఈ కర్మణి ప్రయోగం మూలంలో ఉన్నదేనా, లేక మన అనువాదకుల అలవాటా?

వ్యాఖ్య: మూలంలోనే ఉందండీ. గ్రీకు క్రియ "హర్పాజో", రెండో వచనంలోనూ నాలుగో వచనంలోనూ కర్మణిలోనే ఉంది. కాకపోతే అది "కొనిపోవు" అంత మెత్తని మాట కాదు. లాక్కుపోవడం, ఎత్తుకుపోవడం. యోహాను 10లో తోడేలు గొఱ్ఱెలను పట్టేది ఈ క్రియతోనే. అదే అధ్యాయంలో "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నచోటా ఇదే. ఇంకో తమాషా, హెబ్రీ 11:5లో చావు చూడని హనోకు కూడా తెలుగులో "కొనిపోబడెను". గ్రీకులో మాత్రం అది వేరే క్రియ, చోటు మార్చడం అని. రెంటికీ మనవాళ్లు ఒకే మాట వాడేశారు.

వ్యాఖ్య: నేను క్రైస్తవుణ్ణి కాను, కానీ "శరీరముతోనో, శరీరము లేకనో" అన్నది చదవగానే "బొందితో కైలాసం" గుర్తొచ్చింది. బొందితో స్వర్గానికి పోతానన్న త్రిశంకుడు తలకిందులుగా వేలాడాడు కదా! ఇంతకీ పైకెళ్లినాయన అక్కడ ఏం విన్నాడో చెప్పాడా?

నా జవాబు: చెప్పలేదు సార్. "వచింప శక్యముకాని మాటలు వినెను; ఆ మాటలు మనుష్యుడు పలుకకూడదు" అని ఆపేశాడు. ఆ వెంటనే శరీరంలో ముల్లు సంగతికి వెళ్లిపోతాడు. పరలోకం వర్ణన ఒక్క ముక్క లేదు.

వ్యాఖ్య (హర్పాజో చెప్పినవారే): గ్రీకులో అది "అర్రేత రేమత". రెండు మాటలూ "పలుకు" అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. "పలుకరాని పలుకులు" అనుంటే ఆ చమత్కారం తెలుగులోనూ నిలిచేది.

వ్యాఖ్య: అన్నయ్యా, మా నాన్నమ్మ పోయే ముందు రోజు "తలుపు తీశారే" అంది, ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు అదీ అబద్ధమంటారా? వ్యాకరణంతో కొట్టేసే సంగతులు కావివి.

నా జవాబు: లేదు చెల్లెమ్మా, ఆ మాట నేననను. నాన్నమ్మగారి వాక్యం ఒకసారి చూడు. "తీశారు" అంది, తాను తీశానని అనలేదు. టికెట్టు, పుస్తకం, కానుకల పెట్టె ఏవీ లేవు అక్కడ. దర్శనాన్ని కాదనడం లేదు. దర్శనం "కలుగుతుంది" అంటాం. దాన్ని పోయొచ్చిన ప్రయాణంలా చెప్పినప్పుడే నాకు అనుమానం.

ఇది మన దగ్గరే ఉన్న తంటా కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 2004లో కారు ప్రమాదంలో దెబ్బతిన్న ఆరేళ్ల బాబు పరలోకం చూసొచ్చాడని 2010లో పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. 2015 జనవరిలో ఆ అబ్బాయే బహిరంగ లేఖ రాశాడు: నేను చనిపోలేదు, పరలోకానికి వెళ్లలేదు, అందరూ నన్ను పట్టించుకుంటారని అలా చెప్పాను, బైబిలు చదవండి, అది చాలు అని. ప్రచురణకర్తలైన క్రైస్తవ సంస్థే పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. అంతకు ముందే, 2014లో, అక్కడి సదరన్ బాప్టిస్టులు అనే పెద్ద క్రైస్తవ శాఖవాళ్లు పరలోకం గురించి లేఖనం చెప్పిందే చాలని తమ మహాసభలో తీర్మానం చేసుకున్నారు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఆరేళ్లవాడు ఏదో అంటే అచ్చు వేసి అమ్మింది పెద్దవాళ్లు.

వ్యాఖ్య: బేతనియ లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు. ఆయన సాక్ష్యం ఒక్క వాక్యం కూడా సువార్తలో లేదు, గమనించారా?

వ్యాఖ్య: యోహాను 3:13 కూడా చూడండి. "పరలోకమునకు ఎక్కిపోయిన వాడెవడును లేడు", మనుష్యకుమారుడు తప్ప. అక్కడ "ఎక్కిపోయిన", ఇక్కడ "కొనిపోబడిన". క్రియల్లో ఆ తేడాను మాత్రం అనువాదకులు జాగ్రత్తగానే నిలబెట్టారు.

వ్యాఖ్య: మీరు చెప్పే కూటం వీడియో నాకూ వచ్చింది. "ప్రభువు పరలోకంలో నాతో పలికిన మాటలు, రెండవ భాగం" అట.

నా జవాబు: మొదటి భాగమే గంటన్నరండీ.