లిఫ్టర్ లేవట్లేదు, ఎక్కడ తప్పు చేశాను?

పాతూరు పిల్లోడు, అనంతపురం:
ఫ్యాను, ఇంజన్ లేకుండా గాల్లోకి లేచే లిఫ్టర్ చేస్తున్నా. 20 సెంటీమీటర్ల త్రిభుజం. బాల్సా చెక్క దొరక్క కొబ్బరి చీపురు పుల్లలు వాడాను. కింద చపాతీలు చుట్టే ఫాయిల్, దానికి 3 సెంటీమీటర్ల పైన మోటార్ వైండింగ్ అంగట్లో ఇచ్చిన 40 గేజ్ తీగ. కరెంటు పాత డబ్బా టీవీ ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు ఇచ్చే భాగం) నుంచి. స్విచ్ వేస్తే బుస్సుమంటుంది, ఒక మూల టప్ టప్‌మని స్పార్కులు, అంతే. బంగారు అంగట్లో తూయిస్తే 7 గ్రాములు. ("ఇదేం నగ నాయనా" అన్నాడు అంగడాయన.) ఇది గురుత్వాకర్షణను తగ్గిస్తుందని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా?

టీవీ మెకానిక్, తాడిపత్రి:
నాయనా, టీవీ ఆపినా పిక్చర్ ట్యూబులో చార్జ్ ఉంటుంది. నేను ఒకసారి తగిలి బెంచీ మీది నుంచి వెనక్కి పడ్డా. ట్యూబు వెనక జడలా అల్లిన తీగ ఉంటుంది చూడు, స్క్రూడ్రైవర్‌ను వైరుతో దానికి కట్టి డిశ్చార్జ్ చేశాకే ట్యూబుకు ఈహెచ్‌టీ వైరు తగిలించే రబ్బరు టోపీ ముట్టుకో. ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.
వైండింగ్ తీగకు కరెంటు పోనివ్వని ఎనామిల్ పూత ఉంటుంది, గీకావా? ఉప్పు కాగితంతో మెల్లగా గీకు. ఫాయిల్ పై అంచును పెన్ను రీఫిల్ మీద గుండ్రంగా మడువు, మొన ఉన్నచోటే స్పార్క్ వస్తుంది. టోపీ వైరు ప్లస్, అది సన్న తీగకు. గ్రౌండు ఫాయిల్‌కు.

ఫిజిక్స్ లెక్చరర్, గుత్తి:
గురుత్వాకర్షణకు ఏమీ కాదు. సన్న తీగ దగ్గర గాలిలో అయాన్లు (చార్జ్ ఉన్న కణాలు) పుడతాయి, అవి ఫాయిల్ వైపు పరుగెత్తుతూ మామూలు గాలిని కిందికి తోస్తాయి. గాలి లేనిచోట నీ లిఫ్టర్ కదలదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఈ పద్ధతిలోనే 2.45 కిలోల విమానాన్ని 60 మీటర్లు ఎగరేశారు, 40,000 వోల్టులతో, బ్యాటరీ లోపలే పెట్టి. నీకు ఆ బరువు మోసే పని లేదు, ఈహెచ్‌టీ నేలమీదే ఉంది. మరి 7 గ్రాములెందుకు? చీపురు పక్కన పెట్టి కూల్‌డ్రింక్ స్ట్రాలు చీల్చి వాడు.

పాతూరు పిల్లోడు:
స్ట్రాలతో చేస్తే 3 గ్రాముల లోపే వచ్చింది. గీకేటప్పుడు తీగ రెండుసార్లు తెగింది. రాత్రి లైటు తీసేస్తే తీగ పొడవునా ఊదారంగు వెలుగు! మూడు మూలలకు దారాలు కట్టి టేబుల్‌కు అతికించా. నాలుగు వేళ్ళ ఎత్తు లేచి దారాలు బిగుసుకున్నాయి. మా అవ్వ ఉప్పు తీసుకుని దిష్టి తీయడానికొచ్చింది, దగ్గరికి రానీకుండా ఆపేసరికి నాకు టెన్షన్.

టీవీ మెకానిక్, తాడిపత్రి:
సంతోషం. ఆపినాక డిశ్చార్జ్ చేశావా?