అభ్యర్థి, అభ్యర్థిని: కరపత్రంలో ఏది రాయాలి?

ప్రశ్న: నల్లకుంట, డీటీపీ పని

అసెంబ్లీకి నిలబడ్డ ఒక మహిళ కరపత్రం కాపీ ఇలా వచ్చింది: "మన నియోజకవర్గ అభ్యర్థిని శ్రీమతి ఫలానా గారిని అత్యధిక మెజారిటీతో గెలిపించండి." ఆటో మైకు రికార్డింగుకు ఇచ్చిన మాట: "నేను మీ అభ్యర్థినిని, మీ ఇంటి ఆడబిడ్డను." ఒకరు "అభ్యర్థిని" సరే అంటున్నారు, ఒకరు "మహిళా అభ్యర్థి" అని మార్చమంటున్నారు, ఇంకొకరు ఉత్త "అభ్యర్థి" చాలంటున్నారు. "ఆడబిడ్డ" ఉంచాలా తీసేయాలా అన్నదీ తేలలేదు. కారణంతో సహా చెప్పండి.

జవాబు: చిక్కడపల్లి, ప్రూఫ్‌రీడర్

వ్యుత్పత్తిలో తప్పు లేదండీ. సంస్కృతంలో పుంలింగం అభ్యర్థీ, స్త్రీలింగం అభ్యర్థినీ. తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం పోయి అభ్యర్థి, అభ్యర్థిని అయ్యాయి. విద్యార్థి, విద్యార్థిని కూడా ఇదే దారి. చిక్కు సంస్కృతంలో లేదు, మన విభక్తిలో ఉంది. "అభ్యర్థిని" అన్న ఒక్క రూపానికి తెలుగులో మూడు అర్థాలు వస్తాయి.

ఒకటి, పోటీ చేస్తున్న స్త్రీ. రెండు, "అభ్యర్థి"కి ద్వితీయా విభక్తి: "మా అభ్యర్థిని ఓడించలేరు." ఇక్కడ అభ్యర్థి మగవారైనా కావచ్చు. మూడోది చాలామంది పట్టించుకోరు: "నేను మీ అభ్యర్థిని." ఇకారాంత నామానికి ఉత్తమ పురుషలో చేరే "ని" ఇది. "నేను మంత్రిని", "నేను ఈ ఊరివాణ్ణి" అన్నట్టే. ఈ మాట పురుషుడు కూడా అనొచ్చు.

ఇక స్త్రీలింగ రూపానికి విభక్తి చేర్చాలంటే "అభ్యర్థినిని" అనాలి. వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ నోరు ఒప్పుకోదు. అందుకే రాసేవాళ్లు ఒక "ని" తినేస్తారు, వాక్యం వేరే అర్థంలోకి జారిపోతుంది. "విద్యార్థిని కొట్టిన టీచర్" అనే హెడ్డింగులో కొట్టించుకున్నది అబ్బాయా అమ్మాయా అన్నది తెలియకపోవడానికి కారణం ఇదే.

మీ కరపత్రం వాక్యంలో ఇంకో లోపం ఉంది. "అభ్యర్థిని" మొదట్లో వచ్చి "గెలిపించండి" చివర్లో వచ్చింది. చదివేవాడు "అభ్యర్థిని"ని ద్వితీయ అనుకుని ముందుకు పోతాడు, తర్వాత "గారిని" అని మళ్లీ ద్వితీయ తగులుతుంది. ఒకే వాక్యంలో కర్మ రెండుసార్లు వచ్చినట్టు అనిపిస్తుంది. "అభ్యర్థి ఫలానా గారిని" అంటే ఈ తడబాటు ఉండదు. "శ్రీమతి" తీసేయండి. పెళ్లయిందో లేదో ఓటరుకు అక్కర్లేదు, "గారు" ఉండగా రెండో గౌరవ పదమూ అక్కర్లేదు.

జవాబు: సైదాబాద్, న్యూస్ డెస్క్

"మహిళా అభ్యర్థి" లెక్క చెప్పేటప్పుడు పనికొస్తుంది: "ఈసారి మహిళా అభ్యర్థులు ఎంతమంది?" అన్నచోట తప్పనిసరి. ఒక మనిషి కరపత్రంలో అనవసరం. పేరుంది, ఫొటో ఉంది. 2015 నుంచి ఈవీఎం బ్యాలెట్ మీద కూడా ఫొటో వస్తోంది. "పురుష అభ్యర్థి" అని ఎవరమూ రాయం కదా.

జవాబు: వనస్థలిపురం, తెలుగు పంతులు

పదవుల పేర్లను ఒకే సూత్రానికి కట్టలేం. "డు" చివర ఉన్న పదాలకు "రాలు" సహజంగా వస్తుంది: నాయకురాలు, అధ్యక్షురాలు, శాసనసభ్యురాలు, నగర ప్రథమ పౌరురాలు. వీటికి విభక్తి చిక్కు లేదు. "నాయకురాలిని" అనగానే అది "నాయకురాలు" కాదని చెవికి తెలుస్తుంది. ఇవి ధైర్యంగా వాడండి.

"మంత్రి" మాత్రం ఎవరికైనా మంత్రే. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు తెలుగులో ఆమె ప్రధానమంత్రే, ప్రధానమంత్రిణి అనలేదు. సభాపతి కూడా అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 1999లో ప్రతిభా భారతి స్పీకర్ అయ్యారు, సభాపతి అనే పిలిచారు. "పతి"కి ఇక్కడ అధిపతి అనే అర్థం తప్ప భర్త అనే అర్థం లేదు. 2022 జులైలో ద్రౌపదీ ముర్మును ఒక ఎంపీ "రాష్ట్రపత్ని" అన్నప్పుడు పార్లమెంటు అట్టుడికింది, ఆయన రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పదవి పేరుకు బలవంతంగా లింగం మారిస్తే మనిషి పదవిలోంచి సంసారంలోకి వచ్చి పడుతుంది. మేయర్, కార్పొరేటర్, సర్పంచ్, ఎమ్మెల్యే లాంటివి ఎలాగూ ఉభయ సాధారణాలే. హైదరాబాద్‌కు 1962లో కుముదినీ దేవి, 2021లో గద్వాల విజయలక్ష్మి మేయర్లయ్యారు. మాట మారలేదు, మార్చాల్సిన పనీ రాలేదు.

జవాబు: సైదాబాద్, న్యూస్ డెస్క్

పదవి పేరు కన్నా క్రియ దగ్గర జరిగే అన్యాయం పెద్దది. తెలుగులో స్త్రీకి ఏకవచనంలో వేరే క్రియారూపం లేదు. "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది", రెండింటికీ ఒకటే. బహువచనంలోనో గౌరవంలోనో మాత్రమే "వచ్చారు" వస్తుంది. ప్రెస్ నోట్లలో ఒక పేరాలో "ఆయన నామినేషన్ వేశారు" అని, తర్వాతి పేరాలో "ఆమె నామినేషన్ వేసింది" అని రాస్తారు. రాసినవాళ్లకు ఉద్దేశం ఏమీ ఉండదు, అలవాటు అంతే. పేజీ మీద మాత్రం ఒకరు గౌరవనీయులు, ఒకరు కారు. ప్రూఫ్ చూసేటప్పుడు చివరి నుంచి మొదటికి క్రియలు మాత్రమే చదువుతూ రండి: వేసింది, చెప్పింది, తిరిగింది, కోరింది. అప్పుడే దొరుకుతాయి. మామూలుగా చదివితే విషయంలో పడి జారిపోతాయి.

నినాదం సంగతి వేరు. "అక్క వచ్చింది" అంటే చనువు, తెలంగాణలో అది నిండు మర్యాదే. దాన్ని "అక్క వచ్చారు" అని దిద్దితే ప్రాణం పోతుంది. నినాదానికి ఏకవచనం, వార్తకు, ప్రకటనకు "రు". రెండూ ఒకే వాక్యంలో కలవకూడదు.

జవాబు: ఉప్పల్, ప్రసంగాలు రాసే పని

ఆడబిడ్డ గురించి కాస్త వివరంగా చెప్పాలి. తెలంగాణలో ఈ మాటకు రెండు వాడుకలున్నాయి: ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, మొగుడి తోబుట్టువు. ప్రచారంలో పనికొచ్చేది మొదటిది. పుట్టింటి మీద ఆడబిడ్డకు హక్కుంటుంది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, రైక గుడ్డ పెట్టి ఒడిబియ్యం పోసేది పుట్టింటివాళ్లే. "ఓట్లతో నా ఒడి నింపండి" అన్న మాటకు బలం అక్కణ్ణుంచి వచ్చింది.

అందుకే అది ఎవరి నోట పడితే వారి నోట నిలబడదు. అభ్యర్థి ఆ ప్రాంతానికి పెళ్లయి వచ్చిన మనిషైతే "మీ ఆడబిడ్డను" అనగానే గుంపులో ఎవరో ఒకరు "ఏ ఇంటి ఆడబిడ్డవు?" అంటారు. ఎదుటి పక్షం అదే పట్టుకుని స్థానికేతరురాలు అని ఊదరగొడుతుంది. ఆ సందర్భంలో "ఈ ఊరి కోడలిని" అన్నదే నిజం, నిజంతోనే మొదలుపెట్టాలి. కోడలికి ఇల్లు నడిపే బాధ్యత ఉంటుంది కాబట్టి నీళ్లు, రేషను, బడి మాటలు దాని వెనక చక్కగా అతుకుతాయి.

ఇంకో సూక్ష్మం. 1982 నుంచి ఎన్టీఆర్ సభల్లో "తెలుగింటి ఆడపడుచులు" మార్మోగింది. అక్కడ మాట్లాడేది అన్న, వినేది చెల్లెళ్లు, ఇచ్చేది అన్న. అభ్యర్థే స్త్రీ అయినప్పుడు దిశ తిరగబడుతుంది: అడిగేది ఆడబిడ్డ, ఇచ్చేది జనం. ఆ వాక్యం అక్కడే ఆగితే ఆమె తీసుకునే మనిషిగానే మిగిలిపోతుంది. వెంటనే ఆమె ఏం చేస్తుందో చెప్పే క్రియ రావాలి. "మీ ఆడబిడ్డను, మన కాలనీ నాలా పని పూర్తి చేయిస్తా" అన్నట్టు. చుట్టరికం ఒక్కసారి, పని మూడుసార్లు. ఐదు నిమిషాల ప్రసంగానికి ఈ కొలత సరిపోతుంది.

చుట్టరికపు పిలుపును ఎక్కడ వాడాలో తెలిసినవాళ్లకు 2014 ఫిబ్రవరిలో లోక్‌సభలో సుష్మా స్వరాజ్ మాట గుర్తుంటుంది. తెలంగాణ బిల్లు మీద మాట్లాడుతూ సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మనూ మరిచిపోవద్దని కోరారు. ఒక్క పిలుపుతో తన వాటా అడిగారు, దానికి ముందు బిల్లుకు మద్దతు అనే పని ఉంది. సబితా ఇంద్రారెడ్డిని వైఎస్ "చేవెళ్ల చెల్లెమ్మ" అనేవారు. పిలుపు జనంలో నిలిచింది, 2009లో ఆమె చేపట్టిన పదవి పేరు మాత్రం హోంమంత్రే. పిలుపు పదవి స్థానంలో కూర్చోకూడదు.

జవాబు: చిక్కడపల్లి, ప్రూఫ్‌రీడర్

ఉప్పల్ వారికి ఒక చేర్పు. పిలుపు పేరుతో పాపులర్ అయినవారికి బ్యాలెట్ పేరు చూసుకోవాలి. ములుగు ఎమ్మెల్యే అసలు పేరు దనసరి అనసూయ, జనానికి సీతక్క. ఇలాంటివారి కరపత్రంలో రెండు పేర్లూ పక్కపక్కనే ఉండాలి, బ్యాలెట్ మీద ఉండే పేరు అదే స్పెల్లింగుతో, ఒత్తులు కూడా తేడా లేకుండా. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. పేర్లు కలిసే ఇద్దరు పోటీలో ఉంటే గందరగోళమే.

జవాబు: మెహదీపట్నం, ఆటో మైకు రికార్డింగ్

"అభ్యర్థినిని" రికార్డింగ్‌లో పెట్టకండి. కదిలే ఆటోలో హారన్ స్పీకరు "ని" రెండుసార్లు పలికితే టేపు ఇరుక్కున్నట్టు వినిపిస్తుంది. "అభ్యర్థి" కూడా వద్దు, "భ్య", "ర్థి" గాలికి పోతాయి. పేరు, గుర్తు, క్రమసంఖ్య, ఇవే ముందు రావాలి. ఆటో ఒక ఇంటి ముందు ఉండేది కొన్ని సెకన్లే. చుట్టరికం చివర్లో. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు నిషేధం కాబట్టి సాయంత్రపు ట్రాఫిక్ రొదలోనే ఇది వినపడాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అయితే కరపత్రానికి ఇది ఖాయం చేస్తున్నా: "మన నియోజకవర్గ అభ్యర్థి ఫలానా గారిని గెలిపించండి." మైకుకు: "ఫలానా గుర్తు, క్రమసంఖ్య ఫలానా. నేను మీ ఇంటి ఆడబిడ్డను, నాలా పని నా బాధ్యత." అభ్యర్థి పుట్టింది ఈ నియోజకవర్గంలోనే, కనుక్కున్నాను. ఒక్కటే మిగిలింది: బహువచనంలో "అభ్యర్థినులు" వాడొచ్చా?

జవాబు: వనస్థలిపురం, తెలుగు పంతులు

వాడొచ్చు, అక్కడ విభక్తి చిక్కు లేదు. అందరూ స్త్రీలే అయితేనే. ఒక్క పురుషుడున్నా "అభ్యర్థులు". కింద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు వేయడం మరవకండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం అది లేకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.