మూడు మూసేసి ఒకటే ఉంచుకోమంటున్నారు, మీరేమంటారు?

కోటగుమ్మం: మాది విజయనగరం. ఉద్యోగం మానేసి సొంతంగా సాఫ్ట్‌వేర్ చేసుకుంటున్నాను, పార్ట్‌నర్ లేడు, పెట్టుబడి పెట్టినవాళ్ళూ లేరు. నడుస్తున్నవి నాలుగు. ట్యూషన్ సెంటర్లకి ఫీజుల యాప్, పలాస జీడిపిక్కల వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ షాపులవాళ్ళు వాళ్ళ సైటుకి తగిలించుకునే ఒక ప్లగిన్ (డాలర్లు తెచ్చేది ఇదొక్కటే), ఉచితంగా పెట్టిన తెలుగు క్యాలెండర్ యాప్. పైడితల్లమ్మ పండక్కి తొలేళ్ళ రాత్రి ఇంటినిండా చుట్టాలుంటే నేను మేడమీద సర్వర్ పట్టుకుని కూర్చున్నా. మర్నాడు సిరిమాను తిరుగుతున్నప్పుడూ ఫోన్ చెవి దగ్గరే. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు, అనుంటే బాగుండేది. మూడు మూసేసి ఒకటి పట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

ఏడురోడ్లు: ఒకటే. ఇందులో చర్చ ఏముంది? 37సిగ్నల్స్ అంతటి అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీయే 2014లో మిగతావి పక్కనపెట్టి, టీముల పనులు చూసుకునే బేస్‌క్యాంప్ ఒక్కటే చేస్తామని కంపెనీ పేరు కూడా బేస్‌క్యాంప్‌గా మార్చుకుంది. జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళకే కుదరలేదు, ఒక్కడివి నాలుగెలా లాగుతావు బావు?

కొబ్బరితోట: సగమే చెప్పారు. అదే కంపెనీ 2020లో హే అనే ఈమెయిల్ సర్వీసు తెచ్చింది, 2022లో మళ్ళీ పాత పేరే పెట్టుకుంది. ఒంటరిగా సాఫ్ట్‌వేర్ చేసుకునే పీటర్ లెవెల్స్ 2014లో పన్నెండు నెలల్లో పన్నెండు స్టార్టప్‌లు పెడతానని మొదలుపెట్టాడు, ఊళ్ళు తిరుగుతూ ఆన్‌లైన్లో పనిచేసుకునేవాళ్ళ సైటు నోమాడ్ లిస్ట్ అందులోంచి వచ్చిందే. ఏది నిలబడుతుందో ముందు ఎవడికి తెలుసు? మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమీదున్నాయి. ఒక్కదాని మీద బతికినవాళ్ళ గతి చూసినవాణ్ణి. ఆ ప్లగిన్ నడిచే ప్లాట్‌ఫారంవాళ్ళు రేపు రూలు మారిస్తే డాలర్లు ఆ రోజే ఆగిపోతాయి.

అరసవల్లి: క్యాలెండర్ యాప్ పేరేంటి సార్, మా అమ్మకి కావాలి.

ఏడురోడ్లు: తిత్లీకి కొబ్బరితో పాటు జీడిమామిడీ పోయింది కదా. రెండు పంటలుండి ఏం ఒరిగింది?

కొబ్బరితోట: జీడి మొక్క మూడు నాలుగేళ్ళకి కాపుకొస్తుంది, కొబ్బరికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండోది ఉన్నవాడు ముందు లేచాడు. వచ్చి చూడండి మా ఊరు.

ఏడురోడ్లు: అవి చెట్లు. ఇక్కడ నాలుగూ ఒకే మనిషి వంటిమీద ఉన్నాయి. ఆయనకి జ్వరమొస్తే నాలుగూ పడుకుంటాయి. దీన్ని ఇన్సూరెన్స్ అంటారా?

బొబ్బిలి_ఆండ్రాయిడ్: తుఫాను ఆపండయ్యా. ఉచిత యాప్ దాని మానాన అదుంటుందనుకుంటారు గానీ, గూగుల్ ప్లేలో ఏటా టార్గెట్ వెర్షన్, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు చేశామో అది, పెంచాలి, మామూలుగా ఆగస్టు 31 గడువు. పెంచకుండా వదిలేస్తే కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో కొత్తగా వెతికేవాళ్ళకి యాప్ కనపడదు. పెంచితే ఏదో ఒకటి పాడవుతుంది, నోటిఫికేషన్లో పర్మిషన్లో. రూపాయి రాని యాప్‌కీ ఏటా ఈ చాకిరీ ఉంటుంది. ఫీజుల యాప్‌కి చందా కార్డులోంచి దానంతటదే కట్ అయ్యేలా ఆటోడెబిట్ పెట్టారా? 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారాక అవి ఫెయిలయితే వెంటపడాల్సిందీ మీరే. ఏ ప్రాజెక్టు ఏ టైములో పిలుస్తుందో ముందు రాసుకోండి.

గంటస్తంభం: రాత్రి ఎనిమిదికి ఫోన్ ఆపెయ్యండి. అంతే.

కోటగుమ్మం: జీడి సీజన్లో వ్యాపారులు లెక్క చూసుకునేదే తొమ్మిది దాటాక, గంటస్తంభం గారూ. ఫీజుల యాప్‌కి ఏడాదికోసారి యూపీఐలో తీసుకుంటున్నా, ఆ గొడవ లేదు.

ఏడురోడ్లు: నాకెందుకింత మంటో చెప్తా. శ్రీకాకుళంలో నేనూ ఒకడితో కలిసి పెట్టాను. నాకది ఒక్కటే, వాడికది మూడోది. కస్టమర్ ఫోన్ చేస్తే "రేపు చూస్తా" అనేవాడు, ఆ రేపు వాడి రెండోదానికి పోయేది. తిట్లు నాకు. ఆఖరికి వాడు మిగతా రెండూ చూసుకుంటానని తప్పుకున్నాడు, నేను హైదరాబాద్ బస్సెక్కాను. "నాకు చాలా ప్రాజెక్టులున్నాయి" అనేవాళ్ళెవరినీ నేను నమ్మను, దేనికీ పూర్తిగా కట్టుబడరు.

కొబ్బరితోట: మీ పార్ట్‌నర్ మోసం చేస్తే మేమందరం దొంగలమా? నెల తిరిగేసరికి జీతం పడుతుంటే కట్టుబడటం గురించి ఎన్నైనా చెప్పొచ్చు. మా నాన్నకి కిడ్నీలు పోయాయి, ఉద్దానంలో ఇదేం కొత్త కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఎక్కిన ప్రతిసారీ నాలుగు గంటలు, రానూపోనూ వేరే. ఆ మూడు రోజులూ వదిలే ఉద్యోగం ఒకటి చూపించండి. నావి మూడూ చిన్నవే, సగం రోజు పట్టించుకోకపోయినా ఏ కస్టమరూ చావడు, కావాలనే అలాంటివి పెట్టుకున్నా. మీరు చెప్పే ఆ ఒక్క పెద్దది పెట్టుకుంటే ఆయన్ని ఎవరు తీసుకెళ్తారు? నేనూ బస్సెక్కెయ్యాలా?

ఏడురోడ్లు: నాన్నగారి సంగతి తెలియదు తమ్ముడూ, అందులో నీతో వాదన లేదు. కానీ కోటగుమ్మం గారు డయాలసిస్ వార్డులో లేరు, మేడమీదున్నారు. సొంతూర్లో ఉన్నాను అనిపించుకోవడానికి నాలుగు పెట్టుకుని, ఆ ఇంట్లోనే లేకపోతే ఎలా? ఇంతకీ ఇల్లు ఎవరి జీతంతో నడుస్తోంది సార్? అది చెప్పలేదు.

కోటగుమ్మం: మా ఆవిడ టీచర్. ఎక్కువభాగం ఆమెదే.

రాజాం_కోడలు: అదీ విషయం. ఎన్ని ప్రాజెక్టులని ఇంతసేపు లెక్కపెట్టారు గానీ, ఎవరి జీతం మీదో ఎవరూ అడగలేదు. మా ఇంట్లోనూ ఇదే. నా జీతంతో ఇల్లు నడవడం నాకు కష్టంగా లేదు, ఇష్టపడే ఒప్పుకున్నా. ఒళ్ళు మండేది ఎక్కడంటే, సర్వర్లకి నెలకెంత పోతోందో, ఏది లాభమో ఏది నష్టమో ఈయన ఫోరంలో మీకు చెప్తారు, నాకు చెప్పరు. అడిగితే "నీకర్థం కాదు". పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని నేను! అన్నయ్యగారూ, పండగ రోజు ఫోన్ సంగతి తర్వాత. నాలుగింటి జమాఖర్చులు ఆవిడ ముందు పెట్టారా ఎప్పుడైనా?

ఏడురోడ్లు: పెడితే ఆవిడే మూడు మూసేయిస్తారు.

రాజాం_కోడలు: మూయిస్తారో, ఐదోది మొదలుపెట్టమంటారో, మీకెలా తెలుసు? ఆవిడ్ని అడగకుండా తేల్చెయ్యడంలో మీరూ ఆయనా ఒకటే.

కోటగుమ్మం: పెట్టలేదమ్మా. పెడితే మొదట పోయేది జీడి లెక్కలే, ప్లగిన్‌లో పదోవంతు కూడా రాదు, ఫోన్లన్నీ దానివే. కానీ సీజన్ మధ్యలో వ్యాపారుల్ని వదిలెయ్యలేను, ఎవరికైనా అప్పగించాలి.

కొబ్బరితోట: పలాస మాకు దగ్గరే. నాకివ్వండి, నేను చూసుకుంటా.

ఏడురోడ్లు: రాత్రి తొమ్మిదికి ఫోన్లు చేసేవాళ్ళని నాలుగోదిగా పెట్టుకుంటావా? సగం రోజు పట్టించుకోకపోయినా నడిచేవి అన్నావు ఇందాకే!

కొబ్బరితోట: డయాలసిస్ పగలు. కోటగుమ్మం గారూ, ఎంతమంది వ్యాపారులున్నారు, ఏడాదికి ఎంత కడతారు?

కోటగుమ్మం: ఇక్కడొద్దు, మెసేజ్ పెట్టండి. ముందు ఇంట్లో చెప్పి అప్పుడు రేటు చెప్తా.

అరసవల్లి: క్యాలెండర్ మాత్రం మూసెయ్యకండి సార్. పేరు ఇంకా చెప్పలేదు.